మన టీవీ గేమ్‌కు కన్నతల్లి ఫామికామ్

మన పత్రికలో ఇంతవరకు కథల మీద, సినిమాల మీద, ఒకసారి హోసూరు గులాబీ తోటల మీద కూడా వ్యాసాలు వచ్చినాయి. ఆట పెట్టె మీద ఎవరూ రాయలేదు. నేను రాస్తానంటే తరగతిలో నవ్వినారు. "అది ఆడుకునేది కదా, దాని మీద రాసేదేముండాది?" అనింది నా పక్కనుండే పిల్ల. తెలుగు అయ్యవారు మాత్రం, "రాయి. అయితే ఊరికే పొగడొద్దు, ఊరికే తిట్టొద్దు. ఏది ఎందుకు బాగుందో, ఏది ఎందుకు బాగలేదో కారణం చెప్పు. అప్పుడే అది విమర్శ" అన్నారు. అందుకని కారణాలతోనే రాస్తున్నాను.

తేరు పండగ అంగళ్లలో, బస్టాండు పక్క బొమ్మల అంగళ్లలో అట్ట పెట్టెలో పెట్టి అమ్మే టీవీ గేమ్ మీరందరూ చూసుంటారు. రెండు రిమోట్లు, ఒక గన్, ఒక పసుపుపచ్చ క్యాసెట్, అట్ట మీద ఏదో కారు బొమ్మ, దాని కింద 9999 ఆటలని రాత. మా ఇంట్లో ఉన్నది మా మామది. ఆయన బడికి పోయే రోజుల్లో కొన్నాడంట. ఆ పెట్టె మీద ఎవరి పేరూ సరిగ్గా లేదు. కానీ లోపల ఉండే విద్య అంతా ఒకే చోటి నుంచి వచ్చింది. దాని పేరు ఫామికామ్. ఫ్యామిలీ కంప్యూటర్ అనే మాటను జపాన్ వాళ్లు అట్ల కుదించినారు. ఈ వ్యాసంలో నేను తూకం వేసేది ఆ అసలు పెట్టెను, దానితోపాటు దాని నకలును.

నింటెండో సంస్థ జపాన్‌లోని క్యోటోలో 1889లో మొదలయింది. అప్పటికి టీవీనే లేదు. పూల బొమ్మలు వేసిన పేకముక్కలు చేసి అమ్మేవాళ్లు. ఆ ఇంటివాడే యమౌచి హిరోషి 1949లో సంస్థకు పెద్ద అయినాడు. ఇంట్లో టీవీకి తగిలించుకునే ఆట పెట్టె ఒకటి కావాలి, అది చవకగా ఉండాలి, పక్క సంస్థలవాళ్లు తొందరగా అందుకోలేనిదిగా ఉండాలి అని ఆయన ఉఎముర మసయుకి అనే ఇంజనీరుకు చెప్పినాడు. చవకా కావాలి, గొప్పగానూ ఉండాలి అంటే ఎట్ల? మన ఇళ్లలో బట్టలు కొనేటప్పుడు అమ్మ అడిగినట్టే ఉంది. ఉఎముర ఆ రెంటినీ సాధించినాడు. 1983 జులై 15న ఫామికామ్ జపాన్ అంగళ్లలోకి వచ్చింది. ధర 14,800 యెన్‌లు. ఎరుపూ తెలుపూ రంగులు. మొదట్లో అమ్మిన వాటిలో ఒక చిప్‌లో లోపముండి ఆట మధ్యలో నిలిచిపోతుంటే, అన్నిటినీ వెనక్కు తెప్పించుకొని లోపలి బోర్డు మార్చి ఇచ్చినారు. మొదటి రిమోట్ల బటన్లు చదరంగా, రబ్బరుతో ఉండేవి. అవి నొక్కితే లోపల ఇరుక్కునేవి. తర్వాత గుండ్రంగా గట్టివి చేసినారు.

రిమోట్ అనగానే ఒక మాట. ఎడమ చేతి బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు బటన్ ఉందే, అది యొకొయి గుంపెయి అనే ఆయన ఆలోచన. 1982లో చేతిలో పట్టుకొని ఆడే చిన్న డాంకీ కాంగ్ ఆటకు ఆయన దాన్ని పెట్టినాడు. అంతకుముందు ఇంటి ఆట పెట్టెలకు ఎక్కువగా నిలువు పుల్లలు ఉండేవి. పిల్లలు కాలితో తొక్కితే పుల్ల విరుగుతుంది, ప్లస్ బటన్ విరగదు. ఈ రోజు మా అన్న స్నేహితుల ఇంట్లో ఉండే ఖరీదైన కొత్త పెట్టెల రిమోట్లకు కూడా నాలుగు దిక్కుల బటన్ ఉంది. నలభై ఏళ్లు దాటినా మార్చే అవసరం రాలేదంటే దానికి నేను నూటికి నూరు మార్కులు ఇస్తాను.

ఇక లోపల. ఫామికామ్ మెదడు ఒక సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల లెక్కన కొట్టుకుంటుంది. దాని పని చేసే జ్ఞాపకం 2 కిలోబైట్లు. ఇది ఎంత తక్కువో చెప్తాను. ఇప్పటి కంప్యూటరులో తెలుగు రాత గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడుతుంది. ఆ లెక్కన 2 కిలోబైట్లలో ఏడు వందల గుర్తులు కూడా పట్టవు. అంటే ఈ వ్యాసంలో ఒక పేజీ కూడా ఆ పెట్టె తలలో నిలవదు. ఆట మాత్రం నిలుస్తుంది, ఎందుకంటే ఆట క్యాసెట్‌లో ఉంటుంది. పెట్టె గుర్తుపెట్టుకోవాల్సింది మారియో ఇప్పుడెక్కడున్నాడు, ఎన్ని నాణేలున్నాయి, ఎన్ని ప్రాణాలున్నాయి, ఎదురుగా వచ్చేది ఏది అనేంతవరకే.

బొమ్మల సంగతి మన పిల్లలకు నేను ముగ్గుతో చెప్తాను. ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరసలు. ఆ గడిలో మూడు రంగులు వాడుకోవచ్చు, లేదంటే చుక్కను ఖాళీగా వదలాలి. అంతే, ఒక బొమ్మ ముక్క అయిపోయింది. ఇట్లాంటి ముక్కలు నేపథ్యానికి 256, కదిలే బొమ్మలకు 256. సూపర్ మారియో బ్రదర్స్‌లో మీరు చూసే కొండలు, గొట్టాలు, ఇటుకలు, పుట్టగొడుగులు, తాబేళ్లు, కోటలు అన్నీ ఆ ముక్కలనే మార్చి మార్చి పేర్చినవి. మొత్తం ఆట 40 కిలోబైట్లు. నా ఫోటో ఒకటి ఫోనులో తీస్తే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. ఈసారి ఆడేటప్పుడు పైన మబ్బును, కింద పొదను చూడండి. రెండూ ఒకే బొమ్మ. పైన తెలుపు, కింద పచ్చ. మా అవ్వ పాత చీరను ఒకసారి కిటికీ తెరగా, ఒకసారి దిండు గలీబుగా కుట్టినట్టు. నాకు ఇది తెలిసిన రోజు ఆట ఆడకుండా మబ్బులనే చూస్తా కూర్చున్నాను.

తక్కువలో చేయడం వల్ల లోపాలు కూడా కనబడతాయి, వాటినీ చెప్పాలి. తెర మీద ఒక అడ్డగీతలో కదిలే ముక్కలు ఎనిమిదికి మించి చూపలేదు. తొమ్మిదోది వస్తే ఏదో ఒకటి మాయం కావాలి. కాంట్రాలో తూటాలు ఎక్కువయినప్పుడు మనిషి, తూటా మినుకుమినుకుమంటాయి కదా, టీవీ చెడిపోయిందని మా అమ్మ అనుకునేది. చెడిపోలేదు, పెట్టె వంతులవారీగా చూపిస్తోంది. పాట కూడా అంతే. అయిదు గొంతులే ఉన్నాయి. మారియో నాణెం పట్టిన చప్పుడు వచ్చినప్పుడు, పాటలోని ఒక గొంతు ఆ క్షణానికి తన పని ఆపి నాణెం చప్పుడు చేస్తుంది. కొందొ కోజి ఆ పాటను ఎట్ల కట్టినాడంటే, ఒక గొంతు పోయినా పాట తెగిపోయినట్టు చెవికి తెలియదు.

ఇప్పుడు అసలు విమర్శలోకి వస్తాను. ఈ పెట్టె మీద వచ్చిన ఆటల్లో గొప్పది ఏదంటే నేను 1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అంటాను. అందరూ అనేదే కదా అనొచ్చు. నా కారణం వేరు. నాకు మొదటిసారి రిమోట్ ఇచ్చినప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మేడ మీద ఉండే వాళ్లది కన్నడం, ఎదురింటి పాపది ఉర్దూ. మేం నలుగురం ఒకే ఆట ఆడినాం, ఒకరికొకరం అర్థం చెప్పుకోలేదు. ఆటే చెప్పింది. ఎట్ల చెప్పిందో చూడండి. ఆట మొదలుకాగానే మారియో తెరకు ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్క ఖాళీ. కాబట్టి కుడికే పోవాలి. కొంచెం పోగానే గోధుమరంగు పురుగొకటి ఎదురొస్తుంది. తగిలితే చస్తాం, అయితే పోయేది ఇంకా ఏమీ లేదు, మొదటి నుంచే కదా. రెండోసారి ఎగురుతాం. తర్వాత ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు వస్తుంది. అదీ నడిచి వస్తుంది కాబట్టి పురుగేమోనని భయపడతాం. అది కుడికి పోయి, గొట్టానికి తగిలి, తిరిగి మన మీదికే వస్తుంది. తప్పించుకోవడం కష్టం. తగలగానే మారియో పెద్దవాడవుతాడు. అంటే ఇది మంచిది అని తెలిసిపోయింది. ఒక్క మాట రాయకుండా నాలుగు పాఠాలు. మియమొతొ షిగెరు, తెజుక తకషి ఈ మొదటి గట్టాన్ని కావాలనే ఇట్ల కట్టినారు. మా లెక్కల పుస్తకంలో మొదటి పాఠం ఇట్ల ఉంటే ఎంత బాగుండునో!

అయితే దీనికి ఇంకొక ముఖం ఉంది. మాటలు అక్కరలేని ఆటలే మా దాకా వచ్చినాయి. మా క్యాసెట్‌లో కాల్చేది, ఎగిరేది, తోలేది, గుద్దేది ఉన్నాయి. కథ చెప్పేది ఒక్కటీ లేదు. ఫామికామ్‌కు కథలు లేవా అంటే, చాలా ఉన్నాయి. 1986లో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ వచ్చింది. ఊరూరు తిరిగి, జనంతో మాట్లాడి, వాళ్లు చెప్పింది గుర్తుపెట్టుకొని ముందుకు పోయే ఆట. ఆట ఆపేటప్పుడు అది కొన్ని అక్షరాలు ఇస్తుంది. వాటిని నోటు పుస్తకంలో రాసుకొని, మరుసటి రోజు తప్పు లేకుండా ఎక్కిస్తే నిన్న ఆపిన చోటు నుంచి సాగుతుంది. రెండో డ్రాగన్ క్వెస్ట్‌లో ఆ మంత్రం 52 అక్షరాల దాకా పోయింది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్న జపాన్ పిల్లల గతి ఊహించుకోండి. మన డిక్టేషన్ అంతకంటే మేలు.

మరి తెలుగులో అట్లాంటి ఆట ఆ పెట్టె మీద చేయగలిగేవాళ్లా? ఇది నాకు ఊరికే వచ్చిన సందేహం కాదు. మనం తమిళనాడులో ఉండి తెలుగులో చదువుతున్నాం. "తెలుగులో కంప్యూటర్ సంగతులు ఎట్ల రాస్తావు?" అని నన్ను చాలామంది అడుగుతారు. కాబట్టి గ్రాఫ్ పుస్తకం తీసుకొని ఎనిమిది చుక్కల గడిలో మన అక్షరాలు దిద్ది చూసినాను. ర, గ, ద, ప సులభంగా పట్టినాయి. ఖ, ఝ ఇరుకుగా పట్టినాయి. 'స్త్రీ' పట్టనే పట్టదు. దానికి కనీసం నాలుగు గడులు కావాలి. ఇంకొక చిక్కు. హల్లులు ముప్పై ఆరనుకొని, ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతాలు రాస్తే 432 అవుతుంది. నేపథ్యానికి ఉన్నదే 256 ముక్కలు. ఇంక ఒత్తులెక్కడ పెడతారు, కొండలూ గొట్టాలూ ఎక్కడ పెడతారు? అయితే జపాన్ వాళ్లు కూడా ఇట్లాంటి ఇబ్బందే పడి ఒక ఉపాయం చేసినారు. వాళ్ల అక్షరాల పక్కన వచ్చే రెండు చిన్న గీతలను, చాలా ఆటల్లో, అక్షరంతో కలిపి గీయకుండా పై వరస గడిలో విడిగా పెట్టినారు. మనం కూడా గుడి, కొమ్ము, ఏత్వం విడిగా పై గడిలో, ఒత్తు విడిగా కింది గడిలో పెట్టి, మధ్య గడిలో అక్షరం పెడితే? ముప్పై ఆరు హల్లులు, పదహారు అచ్చులు, పదో పన్నెండో గుణింతపు గుర్తులు, ముప్పై ఆరు ఒత్తులు. వంద ముక్కలతో అయిపోతుంది! మిగతా నూటయాభై ముక్కలతో కొండలు గీసుకోవచ్చు. చూడ్డానికి అక్షరాలు కొంచెం పొడుగు మెడ వేసుకున్నట్టుంటాయి, అంతే. కాబట్టి పెట్టెకు తెలుగు చేతకాదనడం సరికాదు. అడిగినవాళ్లు లేరు.

రెండో విమర్శ రెండో రిమోట్ గురించి. ఇది నేను అనుభవించి రాస్తున్నది. ఫామికామ్ అంటే ఫ్యామిలీ కంప్యూటర్, కుటుంబం మొత్తానిది. ఆ పేరు పెట్టి, రెండు రిమోట్లు పెట్టెకే కలిపి ఇచ్చినారు. మంచిదే. కానీ మొదటి రిమోట్‌కే స్టార్ట్, సెలెక్ట్ బటన్లున్నాయి. రెండోదానికి లేవు. దాని చోట చిన్న మైకు పెట్టినారు. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఏ ఆట పెట్టాలి, అన్నీ మొదటి రిమోట్ పట్టుకున్నవాళ్ల చేతిలోనే. మా పెట్టె నకలు కదా, అందులో మైకు ఎగిరిపోయింది, బటన్లు లేకపోవడం మాత్రం తప్పకుండా వచ్చింది. మా ఇంట్లో మొదటి రిమోట్ ఎప్పుడూ అన్నదే. "నువ్వు చిన్నదానివి పాపా, రెండోది పట్టుకో" అనేవాడు. ఇప్పుడు నాకు పదిహేనేళ్లు, ఇంకా రెండోదే. నీళ్లు తాగి వస్తా, కొంచెం ఆపు అంటే ఆపేది కూడా వాడి ఇష్టమే.

ఆటలు రెండోవాళ్లను ఎట్ల చూసినాయో చూడండి. మారియోలో రెండో ఆటగాడు లుయీజీ. మారియో చనిపోయేదాకా లుయీజీ కూర్చోవాల్సిందే. మా అన్న బాగా ఆడతాడు కాబట్టి నేను బాగా కూర్చున్నాను. లుయీజీకి సొంత బొమ్మ కూడా లేదు, మారియో బొమ్మకే రంగు మార్చినారు. కొనామీ వాళ్ల కాంట్రా దీనికంటే నయం. ఇద్దరూ ఒకేసారి తెర మీద ఉంటారు, ఒకరి వెన్ను ఒకరు కాచుకోవచ్చు. కానీ జలపాతం గట్టంలో ఒకరు తొందరపడి పైకెక్కితే తెర పైకి జరుగుతుంది, కింద ఉన్నవాళ్లు తెర అడుగున పడి చస్తారు. అక్కడ మా ఇంట్లో ఎన్ని గొడవలయినాయో చెప్పలేను. అయినా నాకు కాంట్రా అంటేనే ఎక్కువ ఇష్టం. ఆ జలపాతం దగ్గర అన్న కూడా నా కోసం ఆగక తప్పదు, లేకపోతే తర్వాత పెద్ద రాక్షసుడి దగ్గర ఒక్కడే నిలబడాలి. ముప్పై ప్రాణాల కిటుకు మీకందరికీ తెలిసిందే. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. హషిమొతొ కజుహిస అనే ఆయన గ్రేడియస్ అనే ఆటను సరిచూసేటప్పుడు, అది మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్న కిటుకు ఇది. తర్వాత కాంట్రాలోకి వచ్చింది. మా మామకు ఎవరో చెప్పినారు, మామ అన్నకు చెప్పినాడు, అన్న నాకు చెప్పినాడు. ఇద్దరికీ ప్రాణాలు కావాలంటే చివర్లో సెలెక్ట్ కూడా నొక్కాలి. అది మొదటి రిమోట్‌లోనే ఉండాదని ఇంకోసారి రాయాల్సిన పని లేదు.

ఆడపిల్లల సంగతి కూడా ఇక్కడే. మారియోలో రాకుమారి కోటలో కూర్చొని ఉంటుంది. ప్రతి కోట దాటినాక ఆమె ఇంకో కోటలో ఉందని చెప్తారు. ఆమె ఏం చేస్తుంటుంది అంతసేపు? ఎవరూ అడగరు. అయితే ఫామికామ్ మొత్తం ఇంతే అంటే అబద్ధం అవుతుంది. 1986లో వచ్చిన మెట్రాయిడ్‌లో ఇనుప కవచం వేసుకొని ఒంటరిగా పోరాడే మనిషి ఉంటుంది. ఆటను తొందరగా ముగించిన వాళ్లకు చివర్లో కవచం తీసి చూపిస్తుంది, లోపల ఉన్నది ఆడమనిషి. 1988లో అమెరికాలో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ రెండో భాగంలో రాకుమారిని మనమే నడపవచ్చు, అందులో నలుగురిలో గాలిలో తేలగలిగేది ఆమె ఒక్కతే. ఈ రెండు ఆటలూ మా 9999 ఆటల క్యాసెట్‌లో లేవు. మామ ఫోనులో వీడియోగా చూసినాను.

ఆ 9999 సంగతి ఇప్పుడు తేల్చేస్తాను. ఒక ఆదివారం కూర్చొని లెక్కపెట్టినాను. వేరువేరు ఆటలు అరవై దాటలేదు. మిగతావన్నీ అవే ఆటలు. పేరు మార్చి, లేదంటే రెండో గట్టం నుంచి మొదలుపెట్టి, లేదంటే అయిదు ప్రాణాలిచ్చి వరసగా పేర్చినారు. ఒక చోట మారియో బట్టల రంగు మార్చి కొత్త ఆట అన్నారు.

ఈ నకలు ఎట్ల పుట్టిందో తెలుసుకుంటే కొంచెం కోపం తగ్గుతుంది, కొంచెం పెరుగుతుంది. అమెరికాలో 1983లో ఆట పెట్టెల వ్యాపారం కూలిపోయింది. చెత్త ఆటలు కుప్పలుగా వచ్చినందువల్ల జనం నమ్మకం పోగొట్టుకున్నారు. అంతకు ముందటేడు ఈటీ సినిమా పేరుతో అయిదు వారాల్లో చేసిన ఆట ఒకటి మిగిలిపోతే, న్యూ మెక్సికోలో చెత్తగుంటలో పూడ్చిపెట్టినారు. 2014లో తవ్వితే నిజంగానే దొరికినాయి. అట్లాంటి దేశంలోకి నింటెండో 1985 అక్టోబరులో దిగింది. ఆట పెట్టె అంటే అంగడివాళ్లు కొనరని, వీడియో క్యాసెట్ పెట్టెలాగా బూడిదరంగులో చేసి, ఒక రోబో బొమ్మను తోడిచ్చి, పేరు కూడా మార్చింది. తన అనుమతి లేని క్యాసెట్లు ఆడకుండా లోపల తాళం చిప్ పెట్టింది. కానీ జపాన్‌లో అప్పటికే అమ్మిన ఫామికామ్‌కు ఆ తాళం లేదు. కాబట్టి నకలు చేసేవాళ్లకు ఫామికామే సులువు. తైవాన్ లాంటి చోట్ల దాని చిప్పులకు నకళ్లు తయారయినాయి, తర్వాత మొత్తం ఒకే చిప్‌లోకి ఇమిడిపోయింది. రష్యాలో 1992 చివర్లో డెండీ అనే పేరుతో అమ్మినారు. మన దగ్గర రకరకాల పేర్లతో, కొన్నిసార్లు ఏ పేరూ లేకుండా వచ్చింది. అసలు పెట్టె ప్రపంచం మొత్తం మీద సుమారు 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయింది, జపాన్‌లో 2003 దాకా చేస్తూనే ఉన్నారు. మా ఇంటిది ఆ లెక్కలో లేదు.

నకలు దొంగతనమే. నేను దాన్ని సమర్థించను. కానీ మా మామకు ఇరవై ఏళ్ల కిందట అసలు పెట్టె కొనే స్తోమత లేదు, అమ్మే అంగడి కూడా మా వీధిలో లేదు. నకలు లేకపోతే మారియో ఎవరో మాకు తెలియదు. నన్ను ఎక్కువగా బాధించేది డబ్బు సంగతి కాదు. మా క్యాసెట్‌లో ఆట మొదటి తెర మీద చేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. చెరిపేసినారు. మామ పాతికేళ్లుగా ఆ ఆట ఆడుతున్నాడు, మియమొతొ పేరు నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు. మన పత్రికలో చిన్న సామెతల మూటకు కూడా కింద రాసిన పిల్ల పేరు, తరగతి అచ్చు వేస్తాం కదా.

కొన్ని చిల్లర మాటలు కూడా చెప్పేసి ముగిస్తాను. క్యాసెట్ ఆడకపోతే నోటితో ఊదొద్దు. ఊదడం వల్ల బాగయిందని అందరూ అనుకుంటారు, నిజానికి తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగా తగలడం వల్ల బాగవుతుంది. నోటి తేమకు పిన్నులు తుప్పు పడతాయి. పొడి గుడ్డతో తుడవండి. మా క్యాసెట్‌లో ఆడదగినవి నా లెక్కలో ఇవి: మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ. ఈ మూడోదాంట్లో ఇద్దరూ కలిసి ఒకే ఇటుక గూటిని కాపాడాలి, కొత్త గట్టాలు మనమే కట్టుకోవచ్చు కూడా. తోలే ఆటలు రెండు నిమిషాలకే విసుగు. గుద్దే ఆటలు మా నకలు క్యాసెట్‌లో మరీ నాసిరకం.

గన్ ఉన్నవాళ్లు పాత డబ్బా టీవీని పారేయొద్దు. మా ఇంట్లో పలక టీవీ కొన్నాక గన్ పనిచేయకపోతే, గన్ చెడిపోయిందని అన్న దాన్ని పాత సామాన్ల వాడికి వేయబోయినాడు. గన్ నుంచి ఏమీ బయటికి రాదు. దాని మూతిలో వెలుగును పట్టే కన్ను ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర మొత్తం ఒక్క క్షణం నల్లగా అవుతుంది, వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి గడి వెలుగుతుంది. గన్‌కు ఆ వెలుగు కనబడితే తగిలినట్టు. డబ్బా టీవీ ఆ గడిని అప్పటికప్పుడు చూపిస్తుంది, పలక టీవీ బొమ్మను లోపల సరిచేసుకొని కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది. గన్ అంతసేపు ఆగదు. అందుకే అవ్వ గదిలో ఉన్న డబ్బా టీవీకి మార్చినాం, ఇప్పుడు బాగా తగులుతోంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. డక్ హంట్‌లో ఒక బాతు ఆట పెట్టుకుంటే, ఒకరు గన్‌తో కాలుస్తుంటే ఇంకొకరు రిమోట్‌తో ఆ బాతును తమ ఇష్టం వచ్చినట్టు ఎగరేయవచ్చు. ఎగరేసేవాళ్లకు మార్కులు రావు. అయినా వారం నుంచి గన్ అన్న చేతిలో, రిమోట్ నా చేతిలో ఉన్నాయి, కుక్క నవ్వుతూనే ఉంది.